వయొలిన్ డిగ్రీ అయ్యాక ఆర్కెస్ట్రా ఆడిషన్లు: ఎలా సిద్ధపడాలి?

యూనివర్సిటీలో వయొలిన్ పెర్ఫార్మెన్స్ చదువుతున్నాను, వచ్చే ఏడాదే ఆఖరు. ఆర్కెస్ట్రాలో చేరాలని గట్టిగా ఉంది. చాలా ఆడిషన్లలో మొదటి రౌండు తెర వెనక నుంచి వాయించాలి. సింఫనీల్లోంచి కష్టమైన ముక్కలు అడుగుతారు, కొన్ని నిమిషం కూడా ఉండవు. తొలి స్వరం నుంచే శ్రుతీ లయా నిలబడాలి. మాకు క్లాసులో మాత్రం సోలో రచనలే ఎక్కువ. తాళం కొట్టే మెట్రోనోమ్ నెమ్మదిగా పెట్టుకుంటే బాగానే వస్తోంది, అసలు వేగం అందుకునేసరికి విల్లు తీగ మీద ఎగరాల్సిన చోట కుడిచెయ్యి బిగుసుకుపోతోంది. దీన్ని దాటినవాళ్లు ఎవరైనా ఉన్నారా? రోజూ సాధనలో ఈ ముక్కలకి ఎంత వాటా ఇచ్చారు? ఖాళీలు తక్కువని తెలుసు, అయినా వదులుకోలేను. ఉద్యోగం వచ్చేదాకా పాఠాలు చెప్పుకుని బతకాలంటే టీచింగ్ కోర్సు ఇప్పుడే తీసుకోవాలా, డిగ్రీ అయ్యాకా? దయచేసి మీ అనుభవం చెప్పండి.