అప్‌డేట్: రెండు కళావర్ల మీద నేను చెప్పిన డబుల్ సంగతి

బ్రిడ్జ్ పేకాట వేలంలో నా భాగస్వామి ఒక ఆఠీను (ఆఠీను తురుపుగా ఏడు పట్లు గెలుస్తామని) పలికి, ప్రత్యర్థి రెండు కళావర్లు (ఎనిమిది పట్లు) పలికినప్పుడు, నాలుగు ఇస్పేట్లున్నాయని తెలపడానికి నేను డబుల్ చెబితే, ఆయన దాన్ని శిక్షించే డబుల్‌గా, అంటే వాళ్లు ఓడిపోతారని పాయింట్లు పెంచే డబుల్‌గా, తీసుకుని పాస్ అన్నారని, వాళ్లు ఎనిమిది పట్లు గెలిచి 180 పాయింట్లు తీసుకున్నారని ఇంతకుముందు రాశాను. తప్పు ఎవరిదని అడిగాను. మీలో చాలామంది చెప్పినట్టు, తప్పు ఆ చేతిలో కాదు, ముందుగా మాట్లాడుకోకపోవడంలో ఉంది.

ఇద్దరం కూర్చుని, మూడు ఇస్పేట్ల వరకు వచ్చే ఓవర్‌కాల్ (మన పలుకు మీద ప్రత్యర్థి పలికే పలుకు) మీద డబుల్ నెగెటివ్ అనే, అంటే శిక్షకు కాక పలకని రంగులు తెలపడానికే అని, 1957లో ఆల్విన్ రాత్ ప్రవేశపెట్టిన పద్ధతిలోనే, నిర్ణయించుకుని మా ఒప్పందాలు చూపే కన్వెన్షన్ కార్డు మీద రాశాం. ప్రత్యర్థులకు కూడా అది తెలియాలి కదా.

అయితే, వాళ్ల రంగే నా చేతిలో బలంగా ఉంటే ఏం చేయాలన్న ప్రశ్న నన్ను ఎక్కువగా వేధించింది. నిన్న సరిగ్గా అదే వచ్చింది: అదే వేలం, నా దగ్గర కళావర్లలో రాజు, జాకీ, పది, తొమ్మిదితో కలిపి ఐదు ముక్కలు. డబుల్ చెప్పాలని మనసు లాగినా పాస్ అన్నాను. ఒకే ఒక్క కళావరు ఉన్న నా భాగస్వామి, ఒప్పుకున్నట్టే, వేలం ముగిసిపోనీయకుండా డబుల్ చెప్పారు. ఆ డబుల్ శిక్షగా నిలిచేలా నేను మళ్లీ పాస్ అన్నాను. వల్నరబుల్ కాని (ఓడితే తక్కువ జరిమానా పడే స్థితిలో ఉన్న) ప్రత్యర్థులు మూడు పట్లు తగ్గి 500 ఇచ్చారు.

ఒక ఆఠీను మీద రెండు ఇస్పేట్లు పలికితే మూడో స్థాయికి (తొమ్మిది పట్ల పలుకుకి) వెళ్లడానికి ఎంత బలం కావాలన్నది ఇంకా తేల్చుకోలేదు.