సైక్లోస్పోరా గురించి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్

అందరికీ నమస్తే అండి, ఎక్కడ చూసినా ఈ సైక్లోస్పోరా (విరేచనాలు తెప్పించే, కంటికి కనపడని పరాన్నజీవి) వార్తలే, పచ్చి ఆకులు, కొత్తిమీర, బెర్రీ పళ్ళ మీద ఉంటుందంట, 1996లో అమెరికా, కెనడాల్లో రాస్‌బెర్రీల వల్ల వెయ్యి మందికి పైగా జబ్బు పడ్డారంట, అది చదివాక సలాడ్ ముట్టాలంటేనే భయంగా ఉంది.

ఉడికిస్తే చస్తుందని తెలుసు. కానీ క్లోరిన్ నీళ్ళకి కూడా చావనిది ఉప్పునీళ్ళు, వెనిగర్‌కి చస్తుందా? ఫార్వర్డ్ మెసేజ్‌లు మాత్రం అవే చెప్తున్నాయి, నాకైతే నమ్మకం లేదు.

అసలు టెన్షన్ మా ఆయన గురించి. వారం దాటింది, విరేచనాలు తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలవుతున్నాయి, ఆకలి లేదు, ఒకటే నీరసం. స్టూల్ టెస్ట్ నార్మల్ అన్నారు, కానీ మామూలు టెస్ట్‌లో ఇది దొరకదని, ప్రత్యేకంగా దీనికే చేయమని అడగాలని ఇప్పుడు తెలిసింది. డాక్టర్ గారు ఏమనుకోకుండా ఎలా అడగాలి? ఒకసారి నెగెటివ్ వస్తే మళ్ళీ ఇంకో రోజు శాంపిల్ ఇవ్వాలా?

ఇంకో చిక్కు, దీనికి ముఖ్యంగా వాడే మందులో సల్ఫా (ఒక రకం యాంటీబయాటిక్) ఉంటుందంట, ఆయనకి సల్ఫా పడదు, ఒంటినిండా దద్దుర్లు వచ్చేస్తాయి. ఇలాంటివాళ్ళకి ఎవరికైనా వచ్చి తగ్గిందా, డాక్టర్లు ఏం చేశారు?

మా అత్తగారు ఆయన కంచం, గ్లాసు వేరే పెట్టేశారు. ఇది మలంలో బయటికొచ్చాక అంటుకునే స్థితికి రావడానికే వారం పైన పడుతుంది, మనిషి నుంచి మనిషికి నేరుగా రాదు అని ఎంత చెప్పినా వినట్లేదు 😅 ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉంటే టెస్ట్ సంగతి ముందు చెప్పండి, రేపే వెళ్తున్నాం.