ఆరో తరగతికి సిస్టర్స్ స్కూల్లో సీటు: పద్ధతి తెలిసినవాళ్ళు చెప్పండి

తెనాలి_నాన్న
మా పాప ఇక్కడే ఒక చిన్న ప్రైవేటు బడిలో ఐదు చదువుతోంది. జూన్‌కి గుంటూరు మారుతున్నాం. కథోలిక సిస్టర్స్ నడిపే గర్ల్స్ హైస్కూల్లో ఆరులో చేర్చాలని మా ఆవిడ పట్టు. వెళ్ళి అడిగితే వాచ్‌మన్ గేటు సందులోంచే "నోటీసు బోర్డు చూసుకోండి సార్" అన్నాడు. బోర్డు మీద పోయినేడాది ఫీజుల కాగితం తప్ప ఏమీ లేదు. ఆరో తరగతికి పరీక్ష పెడతారా? మేం హిందువులం, దాంతో ఇబ్బందా? డొనేషన్ ఉంటుందా? టీసీ ముందే తీసుకోవాలా? బస్సు ఉందా? పాపకి ఆటో పడదు, వాంతులు.

పాత_విద్యార్థిని
టెన్షన్ పడకండి అన్నా. మేమూ హిందువులమే. నేను టెన్త్ దాకా సిస్టర్స్ దగ్గరే చదివాను. మా అమ్మాయిని తీసుకెళ్ళిన రోజు హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గారు "మీది ఏ బ్యాచ్?" అని అడిగి బీరువాలోంచి పాత అడ్మిషన్ రిజిస్టర్ తీయించారు. ఎర్ర గుడ్డ అట్ట, మూలలు పురుగు కొట్టేశాయి. వేలు పెట్టి వరసలు వెతుకుతూ నా పేరు దగ్గర ఆగారు. పక్కనే మా నాన్న సంతకం. ఆయన పోయి పదమూడేళ్ళు. నాకు అక్కడే కళ్ళ నీళ్ళు తిరిగాయి. సిస్టర్ గారు మాత్రం కళ్ళజోడు సర్దుకుని "అల్లరి బ్యాచ్ కదమ్మా మీది" అన్నారు. సీటిచ్చారు. పాత విద్యార్థినుల పిల్లలంటే కొంచెం మొగ్గు ఉంటుంది. మీ ఆవిడ ఎక్కడ చదివారో చెప్పండి ముందు.

ఒంగోలు_బాప్టిస్టు
మీకు రిజిస్టరు కలిసొచ్చింది, మాకు ఫారమే ఎదురు తిరిగింది. అందులో "క్రైస్తవులైతే జ్ఞానస్నానం తేదీ, విచారణ పేరు" అని ఒక గడి. జ్ఞానస్నానం అంటే బాప్తిస్మం, విచారణ అంటే వాళ్ళ చర్చి పరిధి. మాది మూడు తరాల బాప్టిస్టు కుటుంబం. మాలో చంటిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. ఊహ తెలిసి, తనంతట తాను ఒప్పుకున్నాకే నీళ్ళలో ముంచుతారు. మా పాపకి పదేళ్ళు. గడి ఖాళీగా వదిలేశాను. కౌంటర్లో గుమస్తా పెన్సిల్‌తో "అదర్స్" అని రాసుకున్నాడు. తాత పాస్టరు, మనవరాలు అదర్స్! వెయిటింగ్ లిస్టన్నారు, మళ్ళీ ఫోనే లేదు.

విచారణ_సెక్రటరీ
దానికి స్కూలేం చేస్తుంది? ముందు కథోలిక పిల్లలు, తర్వాత తక్కిన క్రైస్తవులు, ఆ తర్వాత అందరూ. చాలా చోట్ల ఇదే వరస. కథోలికులైనా ఊరికే ఇవ్వరు. జ్ఞానస్నాన సర్టిఫికెట్‌తో పాటు విచారణ గురువుల లెటర్ కావాలి. ఏడాదంతా దివ్యపూజకి గుడి గడప తొక్కనివాళ్ళు జనవరి రాగానే లెటర్ కోసం ఫాదర్ గారి బంగళా మెట్లు అరగదీస్తారు. పిల్ల జ్ఞానోపదేశం క్లాసుకి వచ్చిందా లేదా చూసే మేం రాసిస్తాం. మీరు పాస్టర్ గారి లెటరైనా పెట్టాల్సింది.

ఒంగోలు_బాప్టిస్టు
పెట్టానండీ. "ఇందులో బాప్తిస్మం తేదీ లేదు" అన్నారు. లేని తేదీ ఎక్కణ్ణుంచి తేను?

లూథరన్_మాస్టారు
మాకు చంటితనంలోనే ఇస్తారు. తేదీ ఉంది, సర్టిఫికెట్ ఉంది, లామినేషన్ కూడా చేయించాను. అయినా రాలేదు. కాబట్టి తేదీ గోల కాదది.

బెజవాడ_బుల్లోడు
మేం ఏటా ఫిబ్రవరిలో గుణదల కొండెక్కి మేరీమాతకి కొబ్బరికాయ కొడతాం. మా వాడి పుట్టువెంట్రుకలు కూడా అక్కడే తీయించాం. దానికో లెటర్ రాసిస్తారా సెక్రటరీ గారూ?

విచారణ_సెక్రటరీ
వెటకారాలొద్దు.

కోర్టుపక్షి
పదిహేనేళ్ళుగా విద్యా కేసులే చూస్తున్నాను, నేను చెప్పేది వినండి. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టి పిల్లల్ని ఏరకూడదు. మొదటిసారి రూ. 25,000, తర్వాత ప్రతిసారీ రూ. 50,000 దాకా జరిమానా. పాతిక శాతం సీట్లు పేదలకి ఉచితంగా ఇవ్వాలి కూడా. డీఈఓకి (జిల్లా విద్యాధికారికి) ఒక్క అర్జీ పడేస్తే అందరూ దిగొస్తారు.

రిటైర్డ్_హెచ్చెమ్
వకీలు గారూ, ఆ అర్జీ తిరిగి మీ ఇంటికే వస్తుంది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం మైనారిటీ బళ్ళకి ఆ చట్టమే వర్తించదని తేల్చింది. ఎయిడెడ్ (ప్రభుత్వ సాయంతో నడిచేది) అయినా, కాకపోయినా అంతే. సిస్టర్స్ బళ్ళు రాజ్యాంగం 30వ అధికరణం కింద మైనారిటీవి. ఇక మన రాష్ట్రంలో మామూలు ప్రైవేటు బళ్ళలో కూడా ఆ పాతిక శాతం ఒకటో తరగతిలో. ఈయన అడిగింది ఆరు.

కోర్టుపక్షి
2025 సెప్టెంబరులో ఇద్దరు జడ్జీలు ఆ ప్రమతి తీర్పు సరైందేనా అని అనుమానం వెలిబుచ్చి పెద్ద ధర్మాసనానికి పంపాలన్నారు. అది తెలుసా మీకు?

రిటైర్డ్_హెచ్చెమ్
తెలుసు. అక్కడ కొట్టేసేదాకా ప్రమతే నడుస్తుంది. ఈలోపు ఆయన పాప టెన్త్ పాసవుతుంది.

పేరు_వద్దు
కోర్టులు వదిలేయండి. మా ఇంటి గోల వినండి. మా ఆవిడ కథోలిక, నేను ఏ గుడికీ వెళ్ళను. పాపకి జ్ఞానస్నానం అయింది. ఆ సర్టిఫికెట్ పెడితే సీటు ఖాయమని ఫాదర్ గారే అన్నారు. కానీ పాపకి ఉన్నది నా వైపు నుంచి వచ్చిన ఎస్సీ సర్టిఫికెట్. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకి ఎస్సీ హోదా లేదు. క్రైస్తవులైన ఎస్సీలకి పెట్టిన బీసీ-సీలోకి వెళ్ళాలి, అక్కడున్న రిజర్వేషన్ ఒక్క శాతం. ఇవాళ సీటు కోసం మతం గడిలో "క్రిస్టియన్" అని రాస్తే, రేపు ఇంటర్ అయ్యాక కౌన్సెలింగ్‌లో ఈ స్కూలు రికార్డే ముందుకొస్తుందని భయం. రాత్రి పన్నెండు దాకా ఆ గడి ముందు పెన్ను పట్టుకుని కూర్చున్నాం ఇద్దరం. ఎవరికైనా ఇలా జరిగిందా?

నిఖార్సయిన_గుంటూరోడు
రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఇంతే. ఏదో ఒకటి తేల్చుకోండి. మాకు ఇటు కోటా లేదు, అటు కోటా లేదు, మేమెవరికి చెప్పుకోవాలి?

పేరు_వద్దు
మా ఊళ్ళో గుడి మారినవాళ్ళున్నారు, బడి మారినవాళ్ళున్నారు. పేట మాత్రం ఎవరికీ మారలేదు. మీరు అదే ఊరి నడిబొడ్డున కూర్చుని నాకు పడవల గురించి చెప్తారా?

మోడరేటర్
కులం మీద విసుర్లు ఆపండి. తర్వాతి రెండు పోస్టులు తీసేశాను. అడిగినదానికి జవాబుంటే చెప్పండి.

న్యూజెర్సీ_పిన్ని
మా దగ్గర ఈ గొడవలేం లేవు. ఇక్కడ హైస్కూలంటే తొమ్మిది నుంచి పన్నెండు. మా వాడు కథోలిక హైస్కూలు కోసం ఎనిమిదో తరగతిలో హెచ్.ఎస్.పి.టి. అనే ప్రవేశ పరీక్ష రాశాడు. 298 ప్రశ్నలు, కాలిక్యులేటర్ లేదు. వెర్బల్‌లో 60 ప్రశ్నలకి 16 నిమిషాలే అని తెలిసి ఒక పూట అన్నం మానేశాడు. తప్పుకి మార్కులు కోయరు, కాబట్టి తెలియకపోయినా ఏదో ఒకటి దిద్దెయ్యాలి. అది కాక ఏడు, ఎనిమిది తరగతుల గ్రేడ్లు, టీచర్ల లెటర్లు చూశారు. మేం హిందువులమని దాచలేదు. మత పాఠం మీ వాడూ చదవాలి, సరేనా అన్నారు. సరే అన్నాం. ఇప్పుడు బైబిల్లో మా వాడికే ఎక్కువ మార్కులు.

బెజవాడ_బుల్లోడు
పిన్నీ, ఆయన బస్సుందా అని అడిగితే మీరు విమానం ఎక్కించారు.

ఫీజు_బాధితుడు
డొనేషన్ అనే మాట వాడరండీ, "బిల్డింగ్ ఫండ్" అంటారు. మా చెల్లెలి కూతురికి ఒకచోట (పేరు చెప్పను) కట్టాం. రసీదు అడిగితే కట్టబోయే ఆడిటోరియం బొమ్మ చూపించారు.

పాత_విద్యార్థిని
మా దగ్గర ఫీజు మీద ఒక్క రూపాయి తీసుకోలేదు. అందరినీ ఒక గాటన కట్టకండి.

ఫీజు_బాధితుడు
మీకు రిజిస్టర్‌లో నాన్నగారి సంతకం ఉందమ్మా. మాకు చెక్కు మీద ఉంది.

రిటైర్డ్_హెచ్చెమ్
నేను ముప్పై ఏళ్ళు ఎయిడెడ్ ఆర్.సి.ఎం. (రోమన్ కథోలిక మిషన్) హైస్కూల్లో చేశాను. 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వం తీసుకునే గొడవ వచ్చాక మమ్మల్ని ప్రభుత్వ బళ్ళకి పంపారు, అక్కడే రిటైరయ్యాను. మీరంతా కోటాల మీద కొట్టుకుంటున్నారు గానీ, ఆరో తరగతి సీటు ఎల్‌కేజీలోనే అయిపోతుంది. సొంత ప్రైమరీ ఉన్న బడిలో ఐదో తరగతి పిల్లలంతా నేరుగా పైకొస్తారు. మిగిలేవి ఎవరైనా ఊరు మారితే పడే ఖాళీలు, లేదా ఆ ఏడాది కొత్త సెక్షన్ తెరిస్తే వచ్చేవి. ఒక ఏడాది నా టేబుల్ అద్దం కింద "ఖాళీలు 7" అని చీటీ ఉంది. ఆ ఏడింటికే కథోలికులు, అక్కడ చదివేవాళ్ళ చెల్లెళ్ళు, స్టాఫ్ పిల్లలు, ఎమ్మెల్యే గారి లెటరు. బయట అరవైమంది తల్లిదండ్రులు.

పరీక్ష మా దగ్గర ఉండేది. తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు, ఐదో తరగతి స్థాయి. పాపకి భిన్నాలు బాగా చేయించండి, ఇంగ్లిషులో తన గురించి నాలుగు వాక్యాలు సొంతంగా రాయగలగాలి. నేనైతే మార్కుల కంటే ముందు దస్తూరీ చూసేవాణ్ణి, తప్పో ఒప్పో తెలియదు.

టీసీ సీటు ఖాయమయ్యాకే తీసుకోండి. పాత బడివాళ్ళు యూడైస్‌లో (బడిపిల్లల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్) పాపని డ్రాప్‌బాక్స్‌లోకి, అంటే బడి మారేవాళ్ళ జాబితాలోకి, వదిలారో లేదో దగ్గరుండి చూసుకోండి. వాళ్ళు వదలకపోతే కొత్త బడివాళ్ళు పాప పెన్ నంబరు (శాశ్వత విద్యా నంబరు) ఎన్నిసార్లు కొట్టినా పేరు ఎక్కదు. ఫీజు బాకీ ఉందంటే పాత బడివాళ్ళు దీన్నే పట్టుకుని కూర్చుంటారు.

కోర్టుపక్షి
టీసీ ఆపడం కూడా చట్టవిరుద్ధం.

రిటైర్డ్_హెచ్చెమ్
చట్టం వాళ్ళ కంప్యూటర్ ముందు కూర్చోదు కదండీ.

తెనాలి_నాన్న
అందరికీ థాంక్స్. ఫారం ఇచ్చేశాను. మా ఆవిడ చదివింది మున్సిపల్ స్కూలు, కాబట్టి ఏ ఎర్ర రిజిస్టర్‌లోనూ మేం లేం. శనివారం పరీక్ష. రెండు రోజులుగా పాప భిన్నాలు చేస్తోంది. రాత్రి నా ఫోన్లో ఇదంతా చదివినట్టుంది, "నాన్నా, అదర్స్ అంటే మనమేనా?" అంది. బస్సు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఒంగోలు_బాప్టిస్టు
మీరూ, మేమూనండీ. వెయిటింగ్ లిస్టులో కలుద్దాం.

బెజవాడ_బుల్లోడు
బస్సు లేదు సార్. మా అక్క కూతురు అక్కడే. ఆటోలో డ్రైవర్ పక్కన కూర్చోబెట్టండి, గాలి తగిలితే వాంతులు రావు.