నిక్ సేబన్ హయాంలో అలబామా సీజన్ల పట్టిక: రద్దయిన 5 గెలుపుల్ని ఎలా చూపాలి?

అందరికీ నమస్కారం. అలబామా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి నిక్ సేబన్ హెడ్ కోచ్‌గా ఉన్న 2007–2023 సీజన్లకి తెలుగులో పట్టిక వేస్తున్నాను. కాలేజీ ఫుట్‌బాల్ లెక్కలు బాగా తెలిసినవాళ్ల సలహా కావాలి.

అసలు చిక్కు 2007తోనే. మైదానంలో 7 గెలుపులు, 6 ఓటములు. పాఠ్యపుస్తకాల పంపిణీలో నిబంధనలు తప్పారని ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల్ని నడిపే సంఘం) తర్వాత 5 గెలుపుల్ని రద్దు చేసింది. మిగిలినవి టెనెసీ మీద, సీజన్ చివర్లో ఆడే ఇండిపెండెన్స్ బౌల్ మ్యాచ్‌లో కొలరాడో మీద గెలిచినవి రెండే. ఓటములు మాత్రం ఆరూ అలాగే ఉన్నాయి, కాబట్టి అధికారికంగా 2–6. ఇది ఫర్‌ఫీట్ (గెలుపుని ప్రత్యర్థికి ఇచ్చేయడం) కాదు. ఓడిన జట్ల ఖాతాలో ఆ ఓటమి చెరిగిపోదు, గెలుపు మాత్రం ఎవరికీ దక్కదు. అందుకే కూడితే మొత్తం ఒకచోట 206–29, ఇంకోచోట 201–29 వస్తోంది. ప్రధాన గడిలో 2–6 వేసి పక్కన గుర్తు పెట్టి 7–6 అని రాయడం నాకు సబబనిపిస్తోంది. మీరైతే ఏం చేస్తారు?

రెండోది, 2011, 2017 సీజన్లు. ఆ రెండేళ్లూ జట్టు ఎస్ఈసీ (అలబామా ఆడే ప్రాంతీయ లీగ్) ఫైనల్‌కే వెళ్లలేదు, అయినా జాతీయ టైటిల్ గెలిచింది. జాతీయ ఫైనల్ జరిగింది మాత్రం మరుసటి ఏడాది జనవరిలో. సీజన్ సంవత్సరం కింద టైటిల్ వేసి, మ్యాచ్ తేదీకి వేరే గడి పెడితే చదివేవాళ్లు తికమకపడరు కదా?

2020లో 13–0 అంటే, అందులో రెగ్యులర్ సీజన్‌లో (ఎస్ఈసీ ఫైనల్, ప్లేఆఫ్‌లకి ముందు) ఆడిన పదీ ఎస్ఈసీ మ్యాచ్‌లే. దానికీ ఒక వివరణ పెట్టాలా?