పాత్రురాలనా, యోగ్యురాలనా?

సందేహి:
మా అమ్మమ్మ రాత్రి ప్రార్థన ముగించేముందు ఒక మాట అనేది: “నీ రాజ్యములోనికి వచ్చుటకు నేను పాత్రురాలను కాను తండ్రీ.” లేక యోగ్యురాలను అనేదో. ఆ ఒక్క పదం దగ్గరే జ్ఞాపకం మొరాయిస్తోంది. ఇది బైబిల్లో ఎక్కడుంది? మూడు రోజులుగా వెతుకుతున్నా.

పాత బైబిలు:
దొరకదండీ. జబ్బుపడ్డ తన పనివాణ్ణి బాగుచేయమని యేసును వేడుకున్న శతాధిపతి, అంటే రోమన్ సైన్యాధికారి, మాట అది, మత్తయి 8:8. “నీవు నా యింటిలోనికి వచ్చుటకు నేను పాత్రుడను కాను.” అక్కడ ప్రభువు ఈయన ఇంటికి రావాలి. మీ అమ్మమ్మగారు దారి తిప్పి, తను ఆయన ఇంటికి వెళ్లే మాట చేసుకున్నారు. పదం మాత్రం పాత్రురాలే అయ్యుంటుంది.

అరసున్న:
పాత్రుడే ఒక తప్పు, దాని మీద పాత్రురాలా! సంస్కృతంలో పాత్రం నపుంసకం. మగవాడైనా ఆడదైనా పాత్రమే.

నిఘంటువు పురుగు:
మిత్రం కూడా నపుంసకమే గురువుగారూ. మరి మీరు మిత్రుడు అనకుండా ఎన్నాళ్లు బతికారు?

గ్రీకు మోజు:
లింగం గొడవ వదిలేయండి, అసలు సంగతి వేరే. లూకా 7లో ఇదే కథ చూడండి. యూదుల పెద్దలు వచ్చి “అతడు యోగ్యుడు” అంటారు, సమాజమందిరం కట్టించాడని సిఫారసు. అక్కడ గ్రీకు మాట అక్సియోస్, అంటే తూకానికి సరితూగేవాడు. ఆయన మాత్రం తన గురించి “పాత్రుడను కాను” అంటాడు. అది హికనోస్, చాలినవాడు. ఊరివాళ్లు తక్కెడ పట్టుకొస్తే ఆయన “నేను చాలను” అన్నాడన్నమాట. మన అనువాదకులు ఆ తేడా పట్టుకుని యోగ్యుడు, పాత్రుడు అని విడదీశారు. కొలొస్సయులు 1:12లో “పాత్రులనుగా చేసిన తండ్రి” కూడా హికనోస్ నుంచి వచ్చిందే. కాబట్టి పరలోకం విషయంలో పాత్రతే సరైన మాట. అది మనకు ఉండేది కాదు, ఆయన చేసేది.

పాత బైబిలు:
బాగుంది కానీ ఒక్క వచనం కిందికి దిగండి. 7:7లోనూ తెలుగులో “పాత్రుడనని” అనే ఉంది, గ్రీకులో మాత్రం అక్సియోస్ కుటుంబపు క్రియ. మీ విభజన రెండో అడుగులోనే కుంటింది.

గ్రీకు మోజు:
ఒక్క చోట జారారు, ఒప్పుకుంటా. సిద్ధాంతం మాత్రం వదలను.

నిఘంటువు పురుగు:
మీరిద్దరూ గిన్నెను మర్చిపోయారు. పాత్ర అంటే ముందు గిన్నె, తర్వాతే అర్హుడు. రోమా 9:23లో “కరుణాపాత్ర ఘటములు” అని ఉంటుంది. పాత్రా, ఘటమూ రెండూ ఒకే సమాసంలో! అనువాదకుడికి తెలిసే జరిగిందో తెలియకో గానీ నాకు భలే ఇష్టం. ఇంకో సంగతి. అపాత్రదానం మనకు తిట్టు. గీత 17:22 దాన్ని తామస దానం అంటుంది. క్రైస్తవుల కృప మాత్రం పూర్తిగా అపాత్రదానమే. యేసు చెప్పిన ద్రాక్షతోట కూలీల కథ చూడండి. సాయంత్రం పనిలోకి వచ్చినవాడికీ ఒక దేనారము, అంటే ఒక రోజు కూలి, ఎండలో రోజంతా ఒళ్లు వంచినవాడికీ ఒక దేనారమే. యేసు పక్కన సిలువ మీద ఉండి, చివరి క్షణంలో పరదైసు మాట పొందిన దొంగకైతే ఆ ఒక్క గంట పని కూడా లేదు.

సందేహి:
అమ్మమ్మ ఆ దొంగ కథే ఎక్కువ చెప్పేది. ఇంతకీ నా ప్రశ్న...

పాత బైబిలు:
వస్తున్నా. పూర్తిగా అపాత్రదానం అంటే అందరూ తలూపరు. రోమా 6:23లో మరణం “జీతము”, నిత్యజీవం “కృపావరము”. అంతవరకు గొడవ లేదు. గొడవంతా “నే” దగ్గర. రోమా 3:28, “విశ్వాసమువలననే”. ఆ “నే” గ్రీకులో లేదు. ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ 1522లో తన జర్మన్‌ అనువాదంలో “మాత్రమే” అని చేర్చాడని కాథలిక్కులు మండిపడ్డారు. మా భాష నుడికారం అదేనని 1530లో ఆయన జవాబు. యాకోబు 2:24 మాత్రం “విశ్వాసమూలమున మాత్రము కాక” అంటుంది.

గ్రీకు మోజు:
కాథలిక్కులు కూడా పుణ్యంతో స్వర్గం కొనుక్కోవచ్చని అనరండీ. మన పుణ్యానికి దేవుడు కిరీటం పెడితే తను ఇచ్చినదానికే పెట్టుకున్నట్టు అన్నది పాతకాలపు క్రైస్తవ గురువు అగస్టీన్ మాట. 1999లో లూథరన్లూ కాథలిక్కులూ కలిసి సంతకం చేసిన ప్రకటన కూడా కృప వల్లే అంటుంది, మన యోగ్యత వల్ల కాదు.

అరసున్న:
ఏవకారం, అంటే “మాత్రమే” అని నొక్కిచెప్పే ఆ “ఏ”, దగ్గరికి వచ్చారు కాబట్టి పోతనను పిలవక తప్పదు. “నీవే తప్ప నితఃపరం బెఱుఁగ.” ఆ “వే” తీసేసి చదవండి, ఏనుగు మునిగిపోతుంది. ఆ వెంటనే “మన్నింపందగున్ దీనునిన్”. తగినవాడు దీనుడని చాలామంది అపార్థం. దీనునిన్ అనేది కర్మ. తగింది మన్నించడం, అంటే తగుదనం మన్నించేవాడి వైపు ఉంది. మీరు రెండు గ్రీకు మాటలతో చెప్పింది పోతన ఒక్క “తగున్”తో తేల్చేశాడు.

నిఘంటువు పురుగు:
తేల్చలేదు. గజేంద్రుడు “లావొక్కింతయు లేదు” అన్నాడు, పుణ్యం లేదనలేదు. వెనకటి జన్మలో ఇంద్రద్యుమ్నుడు, పెద్ద భక్తుడు. ఖాతాలో నిల్వ ఉంది. దొంగకు ఏముంది?

అరసున్న:
ఆ నిల్వ సంగతి మడుగులో ఉన్నప్పుడు ఎత్తాడా? లేదు. “కలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో” అని అనుమానపడ్డాడు కూడా. శతాధిపతికి ఆ అనుమానం లేదు, ఆయనది తనమీద అనుమానం. ఈ తేడా మీద ఒక పూట మాట్లాడొచ్చు.

సందేహి:
అందరూ ఒక్క నిమిషం. అమ్మమ్మ బైబిలు తీశాను. చివరి అట్ట లోపల పెన్సిలుతో ఆ వాక్యం రాసుకుంది. “నేను పాత్ర” వరకు కనిపిస్తోంది, తర్వాత చెరిగిపోయి చివర “కాను” ఉంది. యోగ్యురాలు కాదని తేలిందిగా.

అరసున్న:
త్రకి కొమ్ము ఉందా? లేకపోతే ఆవిడ రాసింది “పాత్రను కాను”, నేను మొదట చెప్పిందే.

సందేహి:
ఉన్నట్టే ఉందండీ. కాగితం మడత సరిగ్గా అక్కడే పడింది.

నిఘంటువు పురుగు:
దీపం పక్కగా పెట్టి వాలుగా ఫోటో తీయండి. పెన్సిలు నొక్కు కనబడుతుంది.