పాపమువలన వచ్చు “జీతము”: ఫలము అనకుండా జీతము అని ఎందుకన్నారు?

ప్రశ్న (విజయవాడ నుంచి)

గ్రూపులో పెద్దలకు నమస్కారం. మా పటమటలో ఒక ప్రహరీ గోడ మీద నీలం రంగుతో “పాపమువలన వచ్చు జీతము మరణము” అని రాసి ఉంది. ఆటోల వెనక కూడా చూస్తుంటాను. నాకు ఆ మాట దగ్గరే సందేహం. మనం పాపఫలం అంటాం, కర్మఫలం అంటాం, చేసిన పాపం ఊరికే పోదంటాం. పాపానికి జీతం ఏమిటండీ? జీతం అంటే కష్టపడి తెచ్చుకునేది, ఒకటో తారీఖు కోసం ఎదురుచూసేది. ఇది అనువాదంలో దొర్లిన ఎబ్బెట్టు మాటా, కావాలనే అలా రాశారా?

ఇంకోటి కూడా అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఎవరికీ అన్యాయం చేయకుండా తన మానాన తాను బతికే మనిషికి కూడా “రక్షణ” కావాలని క్రైస్తవులు ఎందుకంటారు? దేని నుంచి రక్షణ?

జవాబు (గుంటూరు నుంచి)

మేడమ్, మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఆ ఒక్క మాటలోనే ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. నేను గుంటూరులో లూథరన్ సంఘంలో పెరిగినవాణ్ణి. 1842లో హయ్యర్ అనే మిషనరీ గారు ఇక్కడికి వచ్చి మొదలుపెట్టిన సంఘం అది. ఈ వాక్యం మాకు సండే స్కూల్లో కంఠతా వచ్చేది. అర్థం మాత్రం చాలా తర్వాత, మెల్లగా తెలిసింది.

అది తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు రోమా నగరంలోని క్రైస్తవ సంఘానికి రాసిన పత్రికలో, అంటే ఉత్తరంలో, 6వ అధ్యాయం 23వ వచనం. పూర్తిగా ఇదీ: “ఏలయనగా పాపమువలన వచ్చు జీతము మరణము, అయితే దేవుని కృపావరము మన ప్రభువైన క్రీస్తు యేసునందు నిత్యజీవము.” మీరు చూసిన గోడ మీద సగమే రాశారు. అలా సగం రాసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. “అయితే” దగ్గర ఆపేస్తే చదివేవాడికి బెదిరింపు ఒక్కటే మిగులుతుంది. పౌలు ఆ వాక్యం రాసింది రెండో సగం కోసం.

ఇక మాట సంగతి. అనువాదకులకు “ఫలము” అనే మాట తోచక కాదు. ఒక్క రెండు వచనాలు వెనక్కి వెళ్లండి. 21లో “అప్పటి క్రియలవలన మీకేమి ఫలము కలిగెను?” అని ఉంది. 22లో “పరిశుద్ధత కలుగుటయే మీకు ఫలము” అని ఉంది. వరసగా రెండుసార్లు ఫలము అని రాసి, 23కి వచ్చేసరికి జీతము అన్నారు. గ్రీకు మూలంలోనే పౌలు అక్కడ మాట మార్చాడు. ముందు రెండు చోట్లా కార్పోస్, అంటే పండు, ఫలం. 23లో ఒప్సోనియా. అది సైనికుడికి ముట్టే బత్తెం, జీతం. లూకా సువార్త 3వ అధ్యాయంలో సైనికులు వచ్చి మేమేం చేయాలని అడిగితే బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పిన వాటిలో “మీ జీతములతో తృప్తిపొందియుండుడి” అన్న మాట ఉంది చూడండి, అక్కడున్నదీ ఇదే గ్రీకు మాట. మన తెలుగు బైబిల్లో రెండు చోట్లా జీతమే పెట్టారు. లాటిన్ బైబిల్లో దీన్ని స్టిపెండియా అన్నారు. మన మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్లకు ఇచ్చే స్టైపెండ్ ఆ మాట నుంచి వచ్చిందే.

మరి మాట మారితే అర్థంలో ఏం మారింది? చాలా మారింది. ఫలం అన్నప్పుడు చెట్టుంది, కాయ ఉంది, అంతే. జీతం అన్నామంటే ఇచ్చేవాడొకడు ఉండి తీరాలి. ఈ అధ్యాయం మొత్తంలో పౌలు పాపాన్ని ఒక యజమానిగా చూపిస్తాడు. “చావునకు లోనైన మీ శరీరమందు పాపమును ఏలనియ్యకుడి” అంటాడు. “పాపము మీ మీద ప్రభుత్వము చేయదు” అంటాడు. ఏలేది, ప్రభుత్వం చేసేది, చివరికి కొలువు చేసినవాడికి లెక్కకట్టి జీతం ముట్టజెప్పేది అన్నీ పాపమే. యేసు కూడా యోహాను సువార్త 8వ అధ్యాయంలో “పాపము చేయు ప్రతివాడును పాపమునకు దాసుడు” అన్నాడు.

మన జిల్లాల పల్లెల్లో జీతం అంటే నిన్నమొన్నటి దాకా ఆఫీసు జీతం కాదు. “ఫలానా వారింట్లో జీతానికి కుదిరాడు”, “జీతగాడు” అనేవాళ్లు. ఆ జీతం ఎలా ఉండేదో పెద్దవాళ్లకు తెలుసు. కూతురి పెళ్లికో, వైద్యానికో ఆసామి దగ్గర ముందే డబ్బు తీసుకుని ప్రోనోటు మీద వేలిముద్ర వేసేవాడు పాలేరు. ఆ తర్వాత ఏడాదంతా ఎంత ఒళ్లు వంచినా జీతం వడ్డీకి చెల్లయ్యేది, అసలు అలాగే ఉండేది. ఎక్కువ పనిచేస్తే బయటపడతాడా? పడడు. ఆ ఎక్కువ పని కూడా ఆ ఆసామి కమతంలోనే కదా చేసేది. బయటినుంచి ఒకరు వచ్చి ఆ బాకీ కట్టి, ప్రోనోటు చించి, “పదరా ఇంటికి” అంటే తప్ప దారి లేదు. వెట్టిచాకిరీని నిషేధిస్తూ 1976లో చట్టం చేయాల్సి వచ్చిందంటేనే ఆ ముడి ఎంత గట్టిదో తెలుస్తుంది.

మనిషికి రక్షణ ఎందుకు కావాలన్న మీ ప్రశ్నకు క్రైస్తవం చెప్పే జవాబు ఇదే. మనిషి చేసే తప్పులు కొన్ని ఉన్నాయి, వాటిని సరిదిద్దుకుంటే చాలనేది దాని లెక్క కాదు. తప్పు చేయించే ఒక పట్టులో మనిషి ఉన్నాడని, ఆ పట్టు వాడి సొంత బలంతో విడవదని దాని నమ్మకం. ఆ పట్టు అంటే ఏమిటో పౌలు తన మీదే పెట్టి చెబుతాడు, రోమా 7వ అధ్యాయంలో: “నేను చేయగోరు మేలుచేయక చేయగోరని కీడు చేయుచున్నాను.” ఇది హంతకుల గురించి రాసిన మాట కాదు. పొలం గట్టు తగాదాలో మాటలు మానేసిన అన్నదమ్ముల్ని చూడండి. ఈ సంక్రాంతికైనా పలకరిద్దామని అన్న ఇంట్లో బయల్దేరతాడు. రామాలయం దగ్గర తమ్ముడు ఎదురవుతాడు. అంతే, మొహం పక్కకు తిరిగిపోతుంది. తిప్పుకుందామని అనుకోలేదు, తిరిగిపోయింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని తనను తానే తిట్టుకుంటాడు. వాడు చెడ్డవాడని ఎవరూ అనరు. అయినా వాడు చేయాలనుకున్నది వాడి చేతిలో లేదు. పౌలు ఆ అధ్యాయం చివర “అయ్యో, నేనెంత దౌర్భాగ్యుడను? ఇట్టి మరణమునకు లోనగు శరీరమునుండి నన్నెవడు విడిపించును?” అని మొరపెడతాడు. “ఏది విడిపించును” అనలేదు, “ఎవడు” అన్నాడు. పద్ధతిని వెతకడం లేదు, మనిషిని వెతుకుతున్నాడు.

ఇప్పుడు రెండో సగం. మరణం జీతం అయినప్పుడు నిత్యజీవం కూడా జీతమే కావాలి కదా, మంచి పనులకు మంచి జీతం? పౌలు అలా రాయలేదు. అక్కడ కృపావరము అన్నాడు. మనకు వరం అనగానే తపస్సు గుర్తొస్తుంది, ఏళ్ల తరబడి ఒంటికాలి మీద నిలబడితే దేవుడు ప్రత్యక్షమై ఇచ్చేది. ముందు “కృప” చేరడంతో ఆ తపస్సు లెక్క పోయింది. ఎఫెసీ పత్రికలో ఇదే సంగతి సూటిగా ఉంది: “ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే.” జీతం ఒక వైపు, వరం ఒక వైపు. ఫలము అని పెట్టి ఉంటే ఈ తూకం మొత్తం పోయేది.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

చాలా స్పష్టంగా చెప్పారండీ, థ్యాంక్స్. కానీ ఒక చిక్కుంది. అధ్యాయంలో దాసులు అన్నారు కదా. దాసుడికి జీతమెక్కడిది?

జవాబు

సరిగ్గా పట్టుకున్నారు. పౌలు ఇక్కడ రెండు చిత్రాలు కలిపేశాడు, ఒకటి బానిసది, ఇంకోటి సైనికుడిది. 13వ వచనంలో మీ అవయవాలను “దుర్నీతి సాధనములుగా” పాపానికి అప్పగించకండి అంటాడు. సాధనాలు అని అనువదించిన ఆ గ్రీకు మాటకు ఆయుధాలు అని కూడా అర్థం. చేతులూ కాళ్లూ నాలుకా ఆయుధాలు, వాటిని పట్టుకుని పాపం కొలువులో నిలబడ్డవాడు సైనికుడు, చివర్లో అందే జీతం చావు. ఒప్సోనియా ఆ వరసలో వచ్చింది. నామట్టుకు ఇక్కడ “ఆయుధములు” అని పెట్టి ఉంటే తెలుగులో ఆ లంకె బాగా కనబడేది.

ఇంకో సభ్యుడు (సంస్కృతం చదువుకున్నవారు)

ఒక చిన్న చేర్పు. క్రైస్తవులు వాడే “విమోచనము”, మనం అనే ముక్తి, మోక్షం అన్నీ ఒకే ధాతువు పిల్లలు: ముచ్, విడుచుట. రుణవిమోచన స్తోత్రాలు మన ఇళ్లలో చదువుతారు. సెప్టెంబరు 17ను తెలంగాణ విమోచన దినమంటారు. కాబట్టి ఇది బైబిల్ వాళ్ల సొంత మాటేం కాదు. పైగా శరణాగతి మన సంప్రదాయంలోనూ ఉంది, మానవప్రయత్నం చాలదు, స్వామి అనుగ్రహమే దిక్కు అని. తేడా ఎక్కడ?

జవాబు

మీరు చెప్పిన ధాతువు సంగతి అక్షరాలా నిజం, శరణాగతి గురించి అన్నదీ నిజమే. మాటలు పంచుకున్నాం కాబట్టే తెలుగువాళ్లకు ఈ సువార్త అర్థమైంది. తేడా నాకు రెండు చోట్ల కనబడుతుంది. ఒకటి, మోక్షం అన్నప్పుడు ప్రధానంగా జనన మరణ చక్రం నుంచి విడుదల గుర్తొస్తుంది. బైబిల్లో విడుదల పాపం నుంచి, దాని వెంట వచ్చే చావు నుంచి. విడుదలైనవాడు ఈ దేహంతోనే తిరిగి లేస్తాడని, దేవుడితో తెగిన సంబంధం అతుక్కుంటుందని నమ్మకం. రెండోది, ఆ విడుదల ఒక తేదీకీ ఒక ఊరికీ ముడిపడి ఉంది. రోమా అధిపతి పొంతి పిలాతు యూదయను పాలించిన కాలంలో, అంటే క్రీ.శ. 26కూ 36కూ మధ్య, యెరూషలేము బయట ఒక మనిషిని సిలువ వేశారు. క్రైస్తవ విశ్వాసమంతా ఆ సంఘటన మీద నిలబడి ఉంది.

ఇంకో సభ్యుడు

మంచిగా బతికితే చాలదా అని మొదట అడిగారు కదా, దానికి ఇంకా సూటిగా జవాబు రాలేదు. క్రైస్తవుల్లో ఎవరూ అలా అనలేదా?

జవాబు

అన్నారు, అదీ చాలా గట్టిగా. 5వ శతాబ్దంలో పెలాగియస్ అనే సన్యాసి మనిషి తలచుకుంటే దేవుడి ఆజ్ఞలన్నీ నెరవేర్చగలడని బోధించాడు. ఉత్తర ఆఫ్రికాలో బిషప్పుగా ఉన్న అగస్టీను దాన్ని ఎదిరించాడు. 418లో కార్తేజీలో కూడిన సభ పెలాగియస్ బోధను తోసిపుచ్చింది. ఆ తర్వాత పడమటి సంఘాలన్నీ దాదాపు అగస్టీను దారిలోనే నడిచాయి. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు మొదటి మనిషి ఆదాము నుంచి మనకు వచ్చింది అపరాధం కంటే ముఖ్యంగా మరణమే అంటాయి. రోగం పేరు దగ్గర కొద్దిగా తేడా, వైద్యుడు కావాలన్న దగ్గర తేడా లేదు.

మంచి పనులకు విలువ లేదని మాత్రం ఎవరూ అనుకోవద్దు. 22వ వచనం మళ్లీ చూడండి, పరిశుద్ధతే “ఫలము”. విడుదలయ్యాక కాసేది అది. విడుదల కోసం చెల్లించే ధర కాదు. గుణదల కొండకు వెళ్లే మా క్యాథలిక్ స్నేహితులకూ, మా లూథరన్లకూ ఈ విషయంలోనే 16వ శతాబ్దం నుంచి పెద్ద గొడవ. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, రోమన్ క్యాథలిక్ సంఘం కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి: మనం నీతిమంతులుగా తీర్చబడేది కృపవల్లనే, మన యోగ్యత వల్ల కాదని. కొన్ని తేడాలు ఇంకా ఉన్నాయి గానీ ఆ ఒక్క మాట మీద ఇద్దరూ నిలబడ్డారు. అది నాకు చాలా సంతోషం కలిగించిన సంగతి.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

చివరి ప్రశ్న. మీరు చెప్పిన పాలేరు విషయంలో బాకీ ఆసామికి కడతారు. మరి ఇక్కడ ఎవరికి కట్టినట్టు?

జవాబు

మేడమ్, సంఘంలో పెద్ద పెద్దవాళ్లు తలలు పట్టుకున్న ప్రశ్న ఇది. మార్కు సువార్త 10వ అధ్యాయంలో యేసు తాను వచ్చింది “అనేకులకు ప్రతిగా విమోచన క్రయధనముగా తన ప్రాణము ఇచ్చుటకు” అన్నాడు. క్రయధనము అంటే కొనడానికి ఇచ్చే సొమ్ము. అక్కడి గ్రీకు మాట లూట్రోన్, బానిసనో యుద్ధఖైదీనో విడిపించడానికి కట్టే ధర. మనం తాకట్టు నగ “విడిపించాం” అంటాం చూడండి, ఆ విడిపించడమే. 3వ శతాబ్దంలో ఓరిగెన్ అనే క్రైస్తవ పండితుడు ఆ ధర సాతానుకు ముట్టిందన్నాడు. తర్వాతి శతాబ్దంలో నజియాంజు గ్రెగొరీ అనే బిషప్పు ఆ ఊహనే సహించలేకపోయాడు, దొంగకు దేవుడు ధర కట్టడమేమిటని. 11వ శతాబ్దం చివర ఆన్సెల్ము అనే పండితుడు వచ్చి, దేవుడికి మనిషి చెల్లించాల్సిన గౌరవం బాకీ పడిందని, దాన్ని మనిషే తీర్చాలి గానీ దేవుడు మాత్రమే తీర్చగలడని, అందుకే దేవుడు మనిషయ్యాడని వాదించాడు.

మార్కు వాక్యంలో మాత్రం ఎవరికి అనే మాట లేదు. ఎవరికి బదులుగా అన్నది ఉంది. “ప్రతిగా” అన్న చోట గ్రీకులో అంతి అనే మాట ఉంది, ఒకరి స్థానంలో ఇంకొకరు అని అర్థం. పాలేరు పోలికను అంతవరకే లాగాలి. ప్రోనోటు ఎవరి చేతిలో ఉందన్నది బైబిల్ అక్కడ చెప్పలేదు గనక నేనూ చెప్పను. కట్టినవాడు డబ్బు కట్టలేదు, తనే ఆ స్థానంలోకి వెళ్లాడు.