అయిదేసా, హేడీసా? ఆ 'ది' గురువా, లఘువా?

వేపచెట్టు: డిగ్రీలో మా లెక్చరర్ ఒకాయన గ్రీకు కావ్యం ఇలియడ్ మొదట్లోని ఒక పాదం రాగం తీసి చదివేవారు. "ప్సూఖాస్ అయిది ప్రొ..." అని ఏదో. వీరుల ప్రాణాలు పాతాళానికి పోవడం అని గుర్తు. ఆ 'అయిది' గ్రీకుల పాతాళ దేవుడు, మన హేడీసేనా? మా అమ్మాయి స్కూలు నాటకంలో ఆయన పాత్ర ఉంది, పేరు తెలుగులో ఎలా రాయాలి?

అరసున్నా: మూడో పాదమండీ. "పొల్లాస్ దిఫ్థీమూస్ ప్సూఖాస్ అయిది ప్రొయిఅప్సెన్." అయిది చతుర్థి, 'అయిదేస్‌కి' అని. ఇలియడ్ కవి హోమర్ దగ్గర హకారం లేదు. హ ఏథెన్స్ వాళ్ళది, హాయిదేస్. ఇంగ్లీషు నోట్లో పడి హేడీజ్ అయింది.

యతిమైత్రి: 'ది' హ్రస్వం రాశారు, బాగుంది. కానీ చదివేటప్పుడు అది గురువు. ఖాస్-అ-యి, ది-ప్రొ-యి. రెండూ భగణాలు. లఘువు చేస్తే ఐదో గణం కూలిపోతుంది.

అరసున్నా: వెనకాల 'ప్రొ' ఉంది కదా, గురువవుతుంది. వింతేముంది?

యతిమైత్రి: వింతే! 'అది ప్రాణము' అంటే మనకి ది లఘువే కదా, సమాసం కాదు గనక. హోమర్ విడి మాటల మధ్య కూడా ఊది పలికించాడు. ఏథెన్స్ నాటకకర్తలు ఇలాంటి చోట మామూలుగా తేల్చేసి లఘువుగానే ఉంచేవాళ్ళు. మన రేఫని తేల్చి పలకడం లేదూ, అలాగ.

పాతచింతకాయ: మీ గణాలు ఉండనివ్వండి, అర్థం చూడండి. 'అ' అంటే లేదు, మిగతాది చూడడం. మన విద్ ధాతువుకి చుట్టమే. కనబడనివాడు! ఇలియడ్ ఐదో సర్గలో ఎథీనా దేవత యుద్ధదేవుడు ఏరీస్ కంట పడకుండా పెట్టుకున్నది ఈయన శిరస్త్రాణమే. ఇంకేం సాక్ష్యం కావాలి?

అరసున్నా: సాక్ష్యమా? కవి పేరుతో ఆడుకున్నాడేమో. పేర్ల పుట్టుక మీద ప్లేటో రాసిన సంభాషణ 'క్రాటిలస్'లో సోక్రటీస్ మీ వ్యుత్పత్తిని పక్కన పెట్టి, మంచివన్నీ 'తెలిసినవాడు' అన్నాడు.

పాతచింతకాయ: సోక్రటీస్ అక్కడ సగం వేళాకోళం. అదే చోట ఇంకోటి కూడా అన్నాడు, మీరు దాటేశారు. ఆ పేరు పలకడానికి భయపడి జనం ప్లూటోన్ అంటారట. సంపదలవాడని. మా ఊళ్ళో రాత్రిపూట పాము అనరు, పురుగు అంటారు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు. అదే భయం.

కొత్తావకాయ: ఇంత టెన్షన్ ఎందుకండీ, యముడు అని రాసేస్తే పోలా?

పాతచింతకాయ: పోదమ్మా. యముడు తీర్పు చెబుతాడు. హోమర్‌లో చచ్చినవాళ్ళ తగవులు తీర్చేది మైనోస్ అనే రాజు. ఈయన వాటా వచ్చిన చోట కూర్చున్నాడంతే. అన్నదమ్ములు చీట్లు వేసుకుంటే జ్యూస్‌కి ఆకాశం, పొసైడన్‌కి సముద్రం, ఈయనకి చీకటి. భూమి, ఒలింపస్ ఉమ్మడి. హోమర్‌దే ఇంకో కావ్యం, ఒడిస్సీ పదకొండో సర్గ తీయండి. చచ్చినవాళ్ళందరికీ రాజుగా ఉండేకంటే, సొంత పొలం లేని పేదవాడి దగ్గర కూలికి ఉండడం నయం అంటాడు అకిలీస్. పేరుకోసం చచ్చిన వీరుడి చేత ఆ మాట అనిపించాడు! నేను ఆ చోటికి వచ్చినప్పుడల్లా పుస్తకం మూసేస్తాను.

అరసున్నా: ఇది మాత్రం ఒప్పుకుంటాను. అయితే ఇప్పటి గ్రీకులు 'ఆదిస్' అంటారు, హ ఎప్పుడో పోయింది. కాబట్టి హ రాయాలన్న పట్టు మనకెందుకు?

యతిమైత్రి: హ పోతే పోనీండి. ది సంగతి తేలలేదు.

వేపచెట్టు: అందరికీ ధన్యవాదాలు. మీరు తేల్చేలోపు అమ్మాయి ప్లూటో అని రాసుకెళ్ళింది. గ్రహం వేషమా అని అడిగారట టీచరు.

యతిమైత్రి: ప్లూటోనా? ఆ డైలాగులో దాని ముందు మాట ఏమిటండీ? హ్రస్వంతో ముగుస్తోందా?